పేకముక్కలూ, వాన్ న్యూమనూ, మా అన్నయ్యా

సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్టుకి నేను తీసుకున్న టాపిక్ మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఐదేసి పేకముక్కలున్న రెండు చేతులు ఇస్తే, వాటిలో ఏది పెద్దదో చెప్పే ప్రోగ్రాం. దీన్ని పోకర్ హ్యాండ్ ఇవాల్యుయేటర్ అంటారు. ఎచ్చెర్ల నుంచి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పగానే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. కారణం నాకు తెలుసు. మా పెద్దనాన్న గారబ్బాయి ఒకడు ఫోన్లో పేకాట యాప్‌కి అలవాటుపడి, ఫీజు కట్టమని ఇచ్చిన డబ్బంతా అందులో పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది సంక్రాంతికి మా ఇంట్లో పేక బయటికి రాలేదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను పేకముక్కల మీద ప్రోగ్రాం రాస్తానంటే ఎవరికి నచ్చుతుంది?

ఇది జూదం కాదు, లెక్కలు అని అమ్మకి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీక వెతుకుతుంటే జాన్ వాన్ న్యూమన్ తగిలాడు. మన సీఎస్ఈ వాళ్ళందరికీ ఈ పేరు కంప్యూటర్ ఆర్గనైజేషన్ సబ్జెక్టులో వస్తుంది. ఒక బొమ్మ, అందులో మెమరీ, కంట్రోల్ యూనిట్, ఏఎల్‌యూ, ఇన్‌పుట్, ఔట్‌పుట్. కింద వాన్ న్యూమన్ ఆర్కిటెక్చర్ అని రాసి ఉంటుంది. బొమ్మ వేసి బాణాలు పెడితే మార్కులు వచ్చేస్తాయి. ఆ పేరున్న మనిషి పోకర్ గురించి చాలా సీరియస్‌గా ఆలోచించాడనీ, ఆయన జీవితంలో పేకముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తాయనీ నాకు అప్పటిదాకా తెలీదు. తెలిసినంతవరకు మీకూ చెప్తాను.

ఆయన 1903 డిసెంబర్ 28న హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టాడు. అసలు పేరు నాయ్‌మన్ యానోష్. అక్కడ ఇంటిపేరు ముందు రాస్తారు, మనలాగే. యూదుల కుటుంబం. తండ్రి బ్యాంకర్. ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయనే పెద్దవాడు. చిన్నప్పుడే పెద్దపెద్ద సంఖ్యల్ని మనసులో లెక్కకట్టేవాడనీ, ఒకసారి చదివింది మర్చిపోయేవాడు కాదనీ చెప్తారు. బుడాపెస్ట్‌లో లూథరన్ స్కూల్లో చదివాడు. తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ తెచ్చుకున్న యూజీన్ విగ్నర్ అదే స్కూల్లో ఆయనకి ఒక ఏడాది సీనియర్.

ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగేదే వాళ్ళింట్లోనూ జరిగింది. అబ్బాయికి మ్యాథ్స్ మీద ఇష్టం. మ్యాథ్స్‌లో డబ్బులేదని నాన్న బెంగ. చివరికి రాజీ కుదిరింది. కెమికల్ ఇంజినీరింగ్ చదవాలి, దాంతోపాటు మ్యాథ్స్ కూడా చదువుకోవచ్చు. ఇంజినీరింగ్ జ్యూరిక్‌లో. మ్యాథ్స్ పీహెచ్‌డీ మాత్రం బుడాపెస్ట్ యూనివర్సిటీలో, అక్కడికి దాదాపు పరీక్షలకి మాత్రమే వెళ్ళేవాడు. 1926 కల్లా రెండూ చేతికొచ్చాయి. అటెండెన్స్ గొడవ లేని రోజులు అనుకుని నవ్వుకున్నాను. కానీ ఆ రోజులు అంత తేలిక్కాదు. 1919లో హంగరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చినప్పుడు కుటుంబం కొన్నాళ్ళు ఆస్ట్రియా వెళ్ళిపోయింది. అది పడిపోయాక యూదుల మీద దాడులు. 1920లో యూనివర్సిటీల్లో యూదుల సీట్లకి పరిమితి పెడుతూ చట్టం. ఎంత తెలివైనవాడికైనా నిలబడ్డ నేల ఎప్పుడు జారిపోతుందో తెలీని కాలం అది.

డిగ్రీలు అయ్యాక జర్మనీలో గోటింగెన్‌కి వెళ్ళి హిల్బర్ట్ దగ్గర పనిచేశాడు. అక్కడే, 1926 డిసెంబర్‌లో, ఇంకా ఇరవై మూడేళ్ళు నిండకముందే ఆటల గురించి ఒక పేపర్ చదివాడు. 1928లో అది అచ్చయింది. మనం ఇప్పుడు మినీమ్యాక్స్ సిద్ధాంతం అంటున్నది అందులోదే. ఏఐ సబ్జెక్టులో టిక్‌టాక్‌టోకి చెట్టు గీసి మినీమ్యాక్స్ అంటాం కదా, ఆ మాటకి మూలం ఇక్కడ ఉంది. సూక్ష్మంగా చెప్పాలంటే: ఇద్దరు ఆడుతున్నారు, ఒకడు గెలిచిందే ఇంకొకడు ఓడింది. అప్పుడు ఎదుటివాడు ఎంత బాగా ఆడినా నాకు ఇంతకన్నా ఎక్కువ నష్టం రాదు అనే పద్ధతి ఒకటి ప్రతివాడికీ ఉంటుంది. రెండువైపుల నుంచీ లెక్కకడితే అదే విలువ వస్తుంది. కాకపోతే ఒక షరతు. ఆ పద్ధతిలో కొన్నిసార్లు యాదృచ్ఛికంగా, బొమ్మా బొరుసూ వేసినట్టు నిర్ణయం తీసుకోవాల్సి ఉంటుంది.

చదరంగంలో అన్నీ బోర్డు మీదే కనిపిస్తాయి. దాచేది ఏమీ లేదు. ఆయన్ని ఆకర్షించింది పోకర్. అందులో నా ముక్కలు నీకు తెలీవు, నీ ముక్కలు నాకు తెలీవు. జీవితం చదరంగంలా ఉండదు, పేకాటలా ఉంటుందని ఆయన ఉద్దేశం.

ఇక్కడ నా ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. యాభై రెండు ముక్కల్లోంచి ఐదు తీస్తే ఎన్ని రకాల చేతులు? 25,98,960. ఈ కాంబినేషన్ల సూత్రం ఇంటర్‌లో ఇంగ్లీషులోనే చదివాను కాబట్టి అది ఎక్కడో యూరప్‌లో పుట్టిందనుకున్నాను. కానీ 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ సూత్రం ఇచ్చాడు. ఆ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. మన భాషలో తొలి గణితకవి పేరు నాకు పేకముక్కల వల్ల తెలిసిందంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

సరే, ఇన్ని లక్షల చేతుల్లో చాలావాటి విలువ ఒకటే. ఇస్పేటు రాజైనా కళావరు రాజైనా పోకర్‌లో సమానమే. అలా సమానమైనవన్నీ ఒకచోట చేరిస్తే 7,462 స్థాయిలు మిగులుతాయి. అంటే నా ప్రోగ్రాం పని ఒక్కటే: ఏ ఐదు ముక్కలిచ్చినా 1 నుంచి 7,462 లోపు ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ తర్వాత పోల్చడం అంటే రెండు సంఖ్యల్ని పోల్చడమే. ఇందులో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. రెండు నుంచి ఆసు దాకా పదమూడు స్థాయిలకీ 2, 3, 5, 7 అలా 41 వరకు పదమూడు ప్రధాన సంఖ్యలు ఇస్తాం. చేతిలో ఉన్న ఐదు సంఖ్యల్నీ గుణిస్తే వచ్చే లబ్ధం, ముక్కలు ఏ వరసలో ఉన్నా మారదు. వేరే జోడింపుకి అదే లబ్ధం రాదు. ఆ లబ్ధాన్ని టేబుల్‌లో వెతికితే స్థాయి దొరుకుతుంది. ఐదు ముక్కలూ ఒకే రంగా కాదా అన్నది మాత్రం విడిగా చూసుకోవాలి.

ఇదంతా చేసి మురిసిపోయాక తెలిసింది, వాన్ న్యూమన్‌కి ఇది మొదటి మెట్టు మాత్రమే. ఆయన పోకర్‌ని విశ్లేషించేటప్పుడు చేతిని ఒక సంఖ్యగా మార్చి పక్కన పెట్టేస్తాడు. అసలు కథ అక్కడినుంచి మొదలవుతుంది. నా చేతిలో ఈ సంఖ్య ఉంది, నీది నాకు తెలీదు, ఎంత పందెం వెయ్యాలి? బాగున్న చేతికే పెద్ద పందెం వేస్తే ఎదుటివాడు కనిపెట్టి ముక్కలు పడేస్తాడు. అందుకని బాగా బలహీనమైన చేతితో కూడా అప్పుడప్పుడు పెద్ద పందెం వెయ్యాలి. ఎంత తరచుగా అన్నది కూడా లెక్క ప్రకారమే. దీనివల్ల రెండు లాభాలు. బలం లేనప్పుడు ఉన్నట్టు కనిపించొచ్చు. దానికన్నా ముఖ్యంగా, నిజంగా బలం ఉన్నప్పుడు ఎదుటివాడికి అనుమానం వస్తుంది. బ్లఫ్ అనేది గుండెధైర్యానికీ మొహంలో భావాలకీ సంబంధించిందని అందరూ అనుకునేదాన్ని, ఆయన బీజగణితంలోకి తెచ్చి పెట్టాడు.

ఈ విశ్లేషణ ఉన్న పుస్తకం 1944లో వచ్చింది. ఆరువందల పేజీలకి పైనే. ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ అనే ఆర్థికవేత్తతో కలిసి రాశాడు. మోర్గెన్‌స్టెర్న్ వియన్నా నుంచి అమెరికా వచ్చి ఉండగా 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు, ఇక తిరిగి వెళ్ళలేదు. వాన్ న్యూమన్ అప్పటికే 1930 నుంచి ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్తూ, 1933లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో తొలి ప్రొఫెసర్లలో ఒకడయ్యాడు. ఐన్‌స్టీన్ కూడా అక్కడే. సూటు లేకుండా కనిపించేవాడు కాదు. ఇంట్లో పార్టీలు, జోకులు, గోలగోలగా ఉంటే తప్ప పని సాగేది కాదట. కారు నడిపితే గుద్దుళ్ళు తప్పేవి కావు.

పోకర్ శాస్త్రం రాసిన మనిషి పోకర్‌లో ఎలాంటివాడు? గొప్ప ఆటగాడేమీ కాదు. ఆయన తోటి శాస్త్రవేత్త నికొలస్ మెట్రోపొలిస్ ఒకసారి ఆయన దగ్గర పది డాలర్లు గెలిచాడు. అందులో ఐదు డాలర్లు పెట్టి వాన్ న్యూమన్ రాసిన ఆ పుస్తకమే కొని, మిగతా ఐదు డాలర్ల నోటుని విజయచిహ్నంగా అట్ట లోపల అతికించుకున్నాడట. ఇది చదివి నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇక కంప్యూటర్ కథ. యుద్ధం రోజుల్లో ఆయన అమెరికా సైన్యానికి సలహాదారు. 1944లో ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద హెర్మన్ గోల్డ్‌స్టైన్ అనే సైనికాధికారి కలిసి, ఫిలడెల్ఫియాలో కట్టిస్తున్న ఎనియాక్ గురించి చెప్పాడు. లెక్కలు చేసే ఎలక్ట్రానిక్ యంత్రం అనగానే వాన్ న్యూమన్ వెంటనే అందులో దిగిపోయాడు. 1945 జూన్‌లో ఎడ్వాక్ అనే తర్వాతి యంత్రం గురించి ఆయన రాసిన రిపోర్టు బయటికొచ్చింది. డేటాతోపాటు ప్రోగ్రాం కూడా మెమరీలోనే ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. మన పరీక్షల్లో బొమ్మ ఇక్కడిదే. కానీ రిపోర్టు మీద ఆయన ఒక్కడి పేరే ఉంది. యంత్రాన్ని కట్టిన ఎకర్ట్, మాక్లీ అందులో తమ ఆలోచనలూ ఉన్నాయని చివరిదాకా బాధపడ్డారు. గ్రూప్ ప్రాజెక్టులు చేసే మనకి ఈ బాధ వేరే వివరించక్కర్లేదు. తొలి డ్రాఫ్టుని ఆయన కావాలని అలా పంపాడా, గోల్డ్‌స్టైన్ తొందరపడి పంచాడా అన్నది పక్కన పెడితే, ఆర్కిటెక్చర్‌కి ఒక్క పేరు మిగలడం మాత్రం న్యాయం కాదనే నాకు అనిపిస్తుంది.

అదే 1945లో ఎడ్వాక్ కోసం ఆయన రాసిన ప్రోగ్రాం సార్టింగ్. మెర్జ్ సార్ట్. రెండు కట్టల పేక వరసగా పేర్చి ఉంటే, పైముక్కలు రెండిట్నీ పోల్చి చిన్నదాన్ని తీసి పక్కన పెట్టడం, మళ్ళీ పోల్చడం. మా ఊళ్ళో రమ్మీ ఆడే పెద్దవాళ్ళు చేతిలో ముక్కలు సర్దుకోవడం చూసినవాళ్ళెవరికైనా ఇది అర్థమవుతుంది. ప్రిన్స్‌టన్‌లో ఆయన కట్టించిన యంత్రం 1952 కల్లా పనిచేసింది. దాని డిజైన్‌ని దాచిపెట్టకుండా రిపోర్టులుగా అందరికీ పంపాడు. దాన్ని చూసి ఎన్నోచోట్ల యంత్రాలు కట్టుకున్నారు.

పేక మళ్ళీ వస్తుంది. 1946లో ఆయన స్నేహితుడు స్టానిస్లా ఉలామ్ మెదడువాపు జబ్బుతో ఆస్పత్రిపాలై, కోలుకుంటూ ఒంటరిగా ఆడే పేకాట ఆడుకునేవాడు. ఆట పూర్తయ్యే అవకాశం ఎంత అని లెక్కకట్టబోతే మరీ జటిలం. దాని బదులు వందసార్లు ఆడి ఎన్నిసార్లు గెలిచామో చూస్తే పోలేదా అనుకున్నాడు. ఈ సంగతి వాన్ న్యూమన్‌కి చెప్పాడు. ఆయన దాన్ని కంప్యూటర్ మీద న్యూట్రాన్ల లెక్కలకి వాడేలా పద్ధతి వేశాడు. 1948లో ఎనియాక్ మీద ఆ కోడ్ రాసినవాళ్ళలో ఆయన భార్య క్లారా ముఖ్యురాలు. ఈ పద్ధతికి మాంటె కార్లో అని పేరు పెట్టింది మెట్రోపొలిస్. ఉలామ్‌కి ఒక బంధువు ఉండేవాడట, జూదానికి మాంటె కార్లో వెళ్ళాలని చుట్టాల దగ్గర అప్పులు చేసేవాడు. ఆ పేరు అక్కడినుంచి వచ్చింది. ఈ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ప్రతి ఇంట్లోనూ ఒకడు ఉంటాడన్నమాట.

ఆయన జీవితంలో నాకు మింగుడుపడని భాగం కూడా చెప్పాలి. లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో ఆయన పాత్ర పెద్దది. ప్లుటోనియాన్ని నలువైపులనుంచీ ఒకేసారి నొక్కే పేలుడు ఎలా జరగాలో లెక్కకట్టినవాళ్ళలో ఆయనొకడు. నాగసాకి మీద పడింది ఆ రకం బాంబే. ఏ నగరాల మీద వెయ్యాలో ఎంచే కమిటీలోనూ కూర్చున్నాడు. క్యోటో వైపు మొగ్గాడు. యుద్ధమంత్రి స్టిమ్సన్ ఒప్పుకోకపోవడం వల్ల ఆ నగరం బతికింది. తర్వాత సోవియట్ యూనియన్ బాంబు చెయ్యకముందే దానిమీద దాడి చెయ్యడం మేలన్న వైపు నిలబడ్డాడు. ఒకడు గెలిస్తే ఇంకొకడు ఓడాల్సిందే అనే ఆట మోడల్ పేకకి సరిపోతుంది. దేశాలకి సరిపోతుందా? రెండు వైపులా ఓడిపోయే ఆటలు ఉంటాయి కదా. చిన్నప్పుడే సొంత ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చినవాడికి ప్రపంచం అలా కనిపించిందేమో. అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

1955లో అమెరికా అణుశక్తి కమిషన్‌లో సభ్యుడయ్యాడు. అదే ఏడాది క్యాన్సర్ బయటపడింది. ఎముకలకి పాకింది. వీల్‌చైర్లో కూర్చునే 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా పతకం తీసుకున్నాడు. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో చివరి నెలలు. చావంటే చాలా భయపడ్డాడు. జీవితమంతా మతాన్ని పెద్దగా పట్టించుకోనివాడు క్యాథలిక్ ఫాదర్ని పిలిపించుకున్నాడు. బుర్ర పనిచేస్తోందో లేదో చూడమని కూతురు మెరీనా చేత చిన్నచిన్న కూడికలు అడిగించుకునేవాడట. ఒకప్పుడు ఎనిమిదంకెల సంఖ్యలు మనసులో భాగించినవాడు. ఆమె తట్టుకోలేక గదిలోంచి బయటికి వచ్చేసింది. 1957 ఫిబ్రవరి 8న పోయాడు. యాభైమూడేళ్ళు. కంప్యూటర్‌కీ మెదడుకీ పోలిక గురించి రాస్తున్న ప్రసంగాలు సగంలో ఉండిపోయాయి. మరుసటి ఏడాది అలాగే పుస్తకంగా వేశారు.

మళ్ళీ నా ప్రోగ్రాం దగ్గరికి వస్తాను. 25,98,960 చేతుల్నీ ఒక్కొక్కటిగా నడిపించి ఏ రకం ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాను. వరస, అంటే స్ట్రెయిట్, 10,200 రావాలి. నాకు 9,180 వచ్చాయి. 1,020 ఎక్కడో మాయం. రెండు రోజులు కోడ్ వెతికాను, దొరకలేదు. ఆ వారం ఇంటికెళ్ళినప్పుడు అన్నయ్య వచ్చాడు. ఇద్దరం ఆ విషయం మాట్లాడుకుని చాలా కాలమైంది. వాడు లాప్‌టాప్ వైపు చూసి, ఏం చేస్తున్నావని అడిగాడు. దాచడం ఎందుకని చెప్పేశాను. కాసేపు ఊరుకుని, ఆసుని రెండు కింద పెట్టావా అని అడిగాడు. అంతే. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు. రమ్మీ ఆడే ప్రతివాడికీ తెలిసిన వరస. నా కోడ్‌లో ఆసు విలువ పద్నాలుగు మాత్రమే, ఒకటి కాదు. ఒక్క లైను కలిపితే 10,200 వచ్చింది.

అప్పుడు నేను వాడికి ఇంకో లెక్క చూపించాను. వాన్ న్యూమన్ ఆటలో ఒకడు పోగొట్టుకున్నది ఇంకొకడికి చేరుతుంది, మొత్తం సున్నా. కానీ యాప్‌లో ప్రతి ఆట మీదా నడిపేవాడు వాటా తీసుకుంటాడు. ఆరుగురు వెయ్యేసి రూపాయలతో కూర్చున్నారనుకుందాం, మొత్తం ఆరువేలు. ఆటకి తలా వంద, వాటా 5 శాతం అనుకుంటే ప్రతి ఆటకీ 30 రూపాయలు బల్ల మీంచి పోతాయి. వంద ఆటలకి 3,000. ఎవరెంత బాగా ఆడినా సగం డబ్బు అక్కడ ఉండదు. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. 2020లో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లని నిషేధించింది. నైపుణ్యమా కాదా అన్న వాదన సంగతి ఎలా ఉన్నా, ఈ తీసివేత మాత్రం ఎవరి నైపుణ్యానికీ లొంగదు.

అన్నయ్య ఆ అంకెలు రెండుసార్లు చూశాడు. ఏమీ అనలేదు. తప్పంతా తన తెలివితక్కువేనని ఇన్నాళ్ళూ అనుకున్నట్టున్నాడు. ఇంట్లో మేమూ అలాగే అనుకున్నాం.

ప్రాజెక్టు రిపోర్టులో టెస్టింగ్ కింద వాడి పేరు పెట్టాను. ఎడ్వాక్ రిపోర్టులో జరిగింది చదివాక పెట్టకుండా ఉండలేకపోయాను. అమ్మకి ఆ పేజీ చూపించాను. ఇంగ్లీషు చదవలేదు కానీ, వాడి పేరు మాత్రం గుర్తుపట్టింది.